బండి ముందు భాగం ఊగకుండా నిలబడాలంటే: ముందు షాకప్‌ల పని మొదటి నుంచి చివరి దాకా

"షాకప్‌లు కొత్తవి వేయించాను, అయినా హ్యాండిల్ ఊగుతూనే ఉంది, ఇంకేం మార్చాలి?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఆగడం లేదు, అందుకే మొత్తం పని ఒకేచోట వరసగా రాస్తున్నాను. 100 సీసీ నుంచి 350 సీసీ దాకా మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులు (ఒక పైపు ఇంకోదాంట్లోకి జారే ముందు షాకప్‌లు) ఉన్న బండ్లకు, అంటే స్ప్లెండర్, షైన్, క్లాసిక్ 350 లాంటివాటికి, ఇదంతా వర్తిస్తుంది. డ్యూక్ 390, హిమాలయన్ 450 లాంటి బండ్లలో లావు గొట్టం పైన, మెరిసే పైపు కింద ఉంటాయి. వాటిని విప్పే పద్ధతి వేరు కాబట్టి ఆయిల్ మార్చే భాగం వదిలేయండి, మిగతా తనిఖీలు మాత్రం వాటికీ పనికొస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం వరస. గాలి, టైరు, చక్రం, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), ఫోర్కుల అలైన్‌మెంట్ చూశాకే ఆయిల్, స్ప్రింగుల దగ్గరికి వెళ్లాలి. కోన్ సెట్ లూజుగా ఉన్న బండికి ఎంత మంచి ఫోర్క్ ఆయిల్ పోసినా ఊగడం ఆగదు. షెడ్డులో చాలాసార్లు ఇది తలకిందులుగా జరుగుతుంది, ముందు ఖరీదైన పని చేసి చివర్లో గాలి చూస్తారు.

1. బండి ఏం చేస్తోందో ముందు పట్టుకోండి

"ఊగుతోంది" అంటే సరిపోదు. ఏ వేగంలో, బ్రేక్ వేసినప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా, ఒక్కరే ఉన్నప్పుడా, డబుల్స్ వెళ్లినప్పుడా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. దాన్ని బట్టి అనుమానం ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

- యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గుతున్నప్పుడు, సుమారు 70 నుంచి 40 మధ్య హ్యాండిల్ సన్నగా అటూ ఇటూ కొట్టుకోవడం: ముందు టైరు ఎగుడుదిగుడుగా అరగడం, చక్రం బ్యాలెన్స్ లేకపోవడం, కోన్ సెట్ లూజు.
- తక్కువ వేగంలో బండి తిన్నగా పోకుండా ప్రతిసారీ సరిచేసుకోవాల్సి రావడం: కోన్ సెట్ మరీ బిగుతుగా ఉంది, లేదా గుంతలు పడింది.
- ముందు బ్రేక్ పట్టగానే "టక్" అని ఒక దెబ్బ: కోన్ సెట్ లూజు, లేదా ఫోర్క్ బుష్‌లు (లోపల పైపు జారే చోట ఉండే రింగులు) అరిగాయి.
- బ్రేక్ పట్టినప్పుడు లివర్ కూడా వేళ్ల కింద కొట్టుకోవడం: డిస్క్ వంగింది. ఇది ఫోర్కుల పని కాదు.
- స్పీడ్ బ్రేకర్ దిగాక ముందు భాగం రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగడం: ఆయిల్ పాడైంది, తగ్గింది, లేదా మరీ పలచగా ఉంది.
- ఎక్కువ వేగంలో బండి మొత్తం నెమ్మదిగా, పాములా అటూ ఇటూ వెళ్లడం: వెనక బరువు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బుష్‌లు, వెనక టైరు. ముందుభాగాన్ని విప్పకండి, నేరుగా 9వ భాగం చదవండి.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. రోడ్డు మీద రెండు చేతులూ వదిలేసి "ఊగుతోందా లేదా" అని చూడొద్దు. కింద చెప్పిన తనిఖీలన్నీ బండి ఆపి చేసేవే.

2. పని మొదలుపెట్టే ముందు

చదునుగా, గట్టిగా ఉన్న నేల కావాలి. మట్టి నేల మీద స్టాండ్ కుంగుతుంది, కొలతలు తప్పుతాయి.

- మీ బండి సర్వీస్ మాన్యువల్ (ఆయిల్ ఎంత, ఏ గ్రేడు, బోల్టులు ఎంత బిగించాలి అన్నవి ఊహించి చేసే లెక్కలు కావు)
- టార్క్ రెంచ్ (ఎంత బిగించామో చూపే స్పానర్)
- కోన్ సెట్ రింగ్ నట్ తిప్పడానికి సీ స్పానర్ (కొక్కెంలాంటి స్పానర్)
- గాలి చూసే గేజ్, సొంతది ఉంటే మంచిది
- స్టీలు స్కేలు, టేపు, జిప్ టై
- మి.లీ. గీతలున్న కొలత పాత్ర
- ఇంజిన్ కింద పెట్టడానికి జాకీ, దాని మీద చెక్క ముక్క
- గ్రీజు, గుడ్డలు, బ్రేక్ క్లీనర్
- సాయానికి ఒక మనిషి

ఇంజిన్ కింద సైలెన్సర్ పైపు గానీ ఆయిల్ ఫిల్టర్ గానీ అడ్డొస్తే జాకీ అక్కడ పెట్టకండి. డబుల్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద బరువు పెట్టినా, లేదా సాయానికి వచ్చిన మనిషి వెనక నొక్కి పట్టుకున్నా తనిఖీ వరకు చక్రం లేస్తుంది. చక్రం ఊడదీసే పనికి మాత్రం అలా కుదరదు, కింద కదలని ఆధారం ఉండి తీరాలి.

3. గాలి, టైరు, చక్రం

గాలి ఉదయం, బండి నడపకముందు చూడండి. టైరు వేడెక్కాక ఒత్తిడి పెరిగి కనిపిస్తుంది. మీ బండికి ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది. 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ముందు 25 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది. బంకులో "ముందు 35, వెనక 40 కొట్టు" అనే అలవాటు చాలామందికి ఉంది, అంత గాలితో టైరే రాయిలా గట్టిపడి ప్రతి చిన్న గతుకునూ నేరుగా హ్యాండిల్‌కి పంపిస్తుంది. మీరు దాన్ని షాకప్ గట్టిపడింది అనుకుంటారు.

తర్వాత చక్రం లేపి అరచేత్తో టైరు మీద ముందుకీ వెనక్కీ రాయండి. ఒకవైపు రాస్తే నున్నగా, ఇంకోవైపు రాస్తే రంపంలా తగిలితే బ్లాకులు ఏటవాలుగా అరిగాయి. దీనికి టైరు మార్చడమే మందు. టైరు వేసిన తారీఖు కాదు, తయారైన తారీఖు చూడండి: పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం.

ఫోర్కుకి ఒక పెన్సిల్ ఆనించి రిమ్ము పక్కన ఉంచి చక్రం తిప్పండి. రిమ్ము పెన్సిల్‌కి దగ్గరై దూరమవుతూ ఉంటే బెండు ఉన్నట్టే. సాధారణంగా 2 మి.మీ. దాటితే ఊరుకోకూడదు. స్పోకుల చక్రమైతే ప్రతి స్పోకునూ స్పానర్‌తో చిన్నగా తట్టండి, గట్టిగా ఉన్నది ఖణేల్‌మంటుంది, లూజైనది డబ్‌మంటుంది. అల్లాయ్ చక్రం వంగితే సుత్తి దెబ్బలతో సరిచేయించుకోవద్దు, పగులు లోపల ఉండి పైకి కనపడదు.

చివరగా చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అడ్డంగా ఊపండి. ఆట (వదులుగా కదలడం) తెలిస్తే చక్రం బేరింగులు పోయాయి.

4. కోన్ సెట్: సగం సమస్యలు ఇక్కడే ఉంటాయి

హ్యాండిల్ తిరిగే చోట, ఫ్రేము మెడలో, పైన ఒకటి కింద ఒకటి బేరింగులు ఉంటాయి. ముందు భాగం మొత్తం వాటి మీదే వేలాడుతుంది. గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ కింది బేరింగు మీద పడుతుంది. మనం ఎక్కువసేపు తిన్నగానే నడుపుతాం కాబట్టి బాల్స్ ఒకేచోట దెబ్బలు తిని రేసులో (బాల్స్ తిరిగే గాడిలో) చిన్న చిన్న గుంతలు చేస్తాయి. హ్యాండిల్ మధ్యకు రాగానే "గుళుక్" అని కుదురుకున్నట్టు అనిపించేది అందుకే.

*తనిఖీ*

1. ముందు చక్రం పూర్తిగా గాల్లో ఉండాలి.
2. ఫోర్కుల కింది భాగాన్ని, ఇరుసు దగ్గర, రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. అదే సమయంలో సాయం మనిషి కింది క్లాంపుకీ (ఫోర్కు పైపుల్ని పట్టి ఉంచే పై, కింది పట్టీల్లో కిందిది) ఫ్రేముకీ మధ్య వేలు పెట్టాలి. ఆట ఆ వేలికి తెలిస్తే కోన్ సెట్. వేలికి తెలియకుండా మీ చేతికి మాత్రమే తెలిస్తే ఫోర్క్ బుష్‌లు.
3. హ్యాండిల్‌ని ఒక వేలితో ఎడమ చివర నుంచి కుడి చివరకు నెమ్మదిగా తిప్పండి. మధ్యలో ఎక్కడా పట్టుకోకూడదు, గరగర ఉండకూడదు.
4. మధ్య నుంచి కొంచెం పక్కకు నెట్టి వదిలేయండి. తన బరువుతో తానే చివరిదాకా వాలిపోవాలి. వాలకపోతే మరీ బిగుతు. కేబుళ్లు అడ్డుపడుతున్నాయేమో కూడా చూసుకోండి.

*లూజుగా మాత్రమే ఉంటే సరిచేయడం*

పెట్రోల్ ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పండి, స్పానర్ జారితే పెయింటు పోతుంది. పై క్లాంపులో ఫోర్కుల్ని పట్టుకునే బోల్టులు వదులు చేయండి, తర్వాత మధ్యలో ఉన్న పెద్ద నట్టు వదులు చేయండి. దాని కింద ఉన్న రింగ్ నట్‌ని సీ స్పానర్‌తో కొంచెం కొంచెంగా బిగించండి. కొంచెం అంటే గడియారంలో నిమిషాల ముల్లు అయిదు నిమిషాల్లో తిరిగే దూరం కంటే తక్కువ. ఆట పోయిన చోట ఆగండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పై పెద్ద నట్టు బిగించగానే అది రింగ్ నట్‌ని ఇంకాస్త కిందికి నొక్కుతుంది, అప్పటిదాకా సరిగ్గా ఉన్నది బిగుతైపోతుంది. అందుకని పై నట్టు పూర్తిగా బిగించాక పైన చెప్పిన తనిఖీ మళ్లీ మొదటి నుంచి చేయండి. బిగుతైతే విప్పి రింగ్ నట్ కొంచెం వెనక్కి తిప్పండి. రెండు మూడు సార్లు ఇలా చేయాల్సి రావడం మామూలే, విసుక్కోకండి.

మధ్యలో గుంత తెలుస్తుంటే బిగించి లాభం లేదు, సెట్ మొత్తం మార్చాలి. బాల్స్ మాత్రమే మార్చి పాత రేసులు ఉంచేయడం డబ్బు దండగ. రేసులు దించేటప్పుడు అడ్డంగా దిగకుండా చూడాలి, అందుకు తగిన పరికరం లేకపోతే ఈ ఒక్క పని మంచి మెకానిక్‌కి ఇవ్వండి. మీ బండికి టేపర్ రోలర్ బేరింగులు (బాల్స్ బదులు రోలర్లు ఉన్నవి) దొరికితే అవి ఎక్కువ కాలం వస్తాయి, కాకపోతే బిగింపు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

5. ఫోర్కులు వంకర లేకుండా కూర్చున్నాయా?

బండి ఒకసారి పక్కకు పడినా, డివైడర్‌కి తగిలినా, ఫోర్కులు క్లాంపుల్లో మెలితిరిగే అవకాశం ఉంది. హ్యాండిల్ తిన్నగా పెడితే చక్రం కొంచెం పక్కకు చూస్తుంటుంది. ప్రతిసారీ ఫోర్కు వంగిందని అర్థం కాదు, చాలాసార్లు మెలిక మాత్రమే.

1. ఇరుసు నట్టు, పించ్ బోల్టు (ఫోర్కు కాలి చివర ఇరుసును నొక్కి పట్టే బోల్టు), మడ్‌గార్డ్ బోల్టులు, రెండు క్లాంపుల బోల్టులు వదులు చేయండి. బండి బరువు ఫోర్కుల మీద ఉండగా క్లాంపులు వదిలితే పైపులు జారిపోతాయి, జాకీ ఆధారం తప్పనిసరి.
2. చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిన్నగా తిప్పండి.
3. పై క్లాంపు మీద రెండు పైపులూ ఎంత పైకి వచ్చాయో స్కేలుతో కొలవండి. రెండూ ఒకటే ఉండాలి.
4. కింది క్లాంపు బిగించండి, తర్వాత పై క్లాంపు.
5. ఇరుసు నట్టు బిగించండి, పించ్ బోల్టు మాత్రం ఇంకా వదులుగానే ఉంచండి.
6. జాకీ తీసి, బండి నేల మీదికి దించి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్కుల్ని అయిదారు సార్లు గట్టిగా నొక్కండి. ఫోర్కు కాలు ఇరుసు మీద తన చోటు తాను వెతుక్కుంటుంది.
7. ఇప్పుడు పించ్ బోల్టు, ఆఖరున మడ్‌గార్డ్ బోల్టులు బిగించండి.

ఆరో మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. దాటేస్తే రెండు ఫోర్కులూ సమాంతరంగా ఉండవు, పైపు లోపల పట్టేసినట్టు కదులుతుంది, సీళ్లు త్వరగా పోతాయి. పంక్చర్ కోసం ముందు చక్రం తీసిన తర్వాత కూడా ఇదే వరస పాటించండి.

ఇంత చేసినా చక్రం వంకరగానే ఉంటే పైపు వంగి ఉండొచ్చు. పైపు ఊడదీసి గాజు పలక మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. వంగిన పైపు మార్చండి.

6. ఆయిల్ సీళ్లు

మెరిసే పైపు మీద నూనె వలయం కనిపిస్తోందా? వెంటనే సీలు మార్చకండి. ముందు డస్ట్ సీల్ (ఆయిల్ సీలు పైన దుమ్ము ఆపే రబ్బరు) పైకి జరిపి, దుమ్ము తుడిచి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ లాంటి పలచని ప్లాస్టిక్ ముక్కను కొక్కెంలా కత్తిరించి సీలు పెదవి లోపల ఒక చుట్టు తిప్పి లాగండి. ఇసుక రేణువు ఇరుక్కున్నదైతే కారడం అక్కడితో ఆగిపోతుంది.

ఆగకపోతే పైపు మీద గోరుతో రాసి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు గాలికి క్రోమ్ కింద తుప్పు పట్టి చిన్న చిన్న గుంటలు పడతాయి. అవి కొత్త సీలును కూడా కోసేస్తాయి. చిన్న మొనదేలిన అంచు అయితే 2000 నంబరు నీటి కాగితంతో అంచు వరకే నునుపు చేయొచ్చు, సీలు తిరిగే చోట లోతు గుంటలుంటే పైపు మార్చాల్సిందే. కారిన ఆయిల్ డిస్క్ మీదికి, బ్రేక్ ప్యాడ్ల మీదికి చేరితే ప్యాడ్లు కూడా మార్చండి, కడిగి వాడొద్దు.

7. ఫోర్క్ ఆయిల్ మార్చడం

ఇది తీరిగ్గా చేయాల్సిన పని. ఆయిల్ నల్లగా, వాసనగా ఉంటే పాతబడింది. వెండి మెరుపు ఉంటే లోపల బుష్‌లు అరుగుతున్నాయి. పాలలా ఉంటే నీళ్లు చేరాయి.

1. బండి జాకీ మీద కదలకుండా ఉందో లేదో ఊపి చూడండి.
2. ఫోర్కు ఇంకా కింది క్లాంపులో బిగించి ఉండగానే పై క్లాంపు బోల్టు వదిలి, పైపు మూతను పావు చుట్టు వదులు చేయండి. బయటికి తీశాక దాన్ని పట్టుకుని తిప్పడం చాలా కష్టం.
3. బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని పట్టే భాగం) విప్పి తాడుతో వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి, పొరపాటున లివర్ నొక్కినా పిస్టన్ బయటికి రాదు.
4. చక్రం, మడ్‌గార్డ్ తీసి, కింది క్లాంపు బోల్టులు వదిలి, ఫోర్కుల్ని మెలితిప్పుతూ కిందికి లాగండి.
5. మూత విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి. కింద స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది, ఆఖరు మరకు మూత ఎగురుతుంది.
6. స్పేసర్, వాషర్, స్ప్రింగు ఏ వరసలో, ఏ చివర పైకి ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
7. పాత ఆయిల్ వంచి, పైపును పైకీ కిందికీ ఆడించి, ఇరవై నిమిషాలు తలకిందులుగా ఉంచండి. దాన్ని కాలువలో పారబోయకండి, షెడ్డులో పాత ఇంజిన్ ఆయిల్ డబ్బాలో పోసిరండి.
8. మాన్యువల్ చెప్పినంత కొత్త ఆయిల్ పోయండి. ఊరికే వంచినప్పుడు పోయాల్సిన కొలత వేరు, మొత్తం విప్పి ఆరబెట్టాక పోయాల్సిన కొలత వేరు. ఏది చదువుతున్నారో చూసుకోండి.
9. పైపును పది పన్నెండు సార్లు నెమ్మదిగా ఆడించి, బుడగలు పోయేదాకా ఆగండి.
10. స్ప్రింగు లేకుండా, ఫోర్కు పూర్తిగా కిందికి నొక్కి, నిలువుగా పట్టుకుని, పైపు అంచు నుంచి ఆయిల్ మట్టం దాకా కొలవండి. రెండు ఫోర్కుల మధ్య తేడా 1 మి.మీ. లోపు ఉండేలా చూడండి.

పదో మెట్టు ఎందుకంటే, ఆయిల్ పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగులాగే పనిచేస్తుంది. ఆయిల్ మట్టం పెరిగితే గాలికి చోటు తగ్గి, ఫోర్కు ఆఖరి భాగంలో గట్టిపడుతుంది. మరీ ఎక్కువ పోస్తే సీళ్లు తన్నుకొస్తాయి.

గ్రేడు విషయానికొస్తే, చాలా బండ్లకు 10డబ్ల్యూ (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గుర్తు) సరిపోతుంది, అయినా మాన్యువల్ మాటే చివరిది. ఒక కంపెనీ 10డబ్ల్యూ, ఇంకో కంపెనీ 10డబ్ల్యూ ఒకే చిక్కదనంలో ఉంటాయని లేదు, అందుకే రెండు ఫోర్కుల్లోనూ ఒకే డబ్బా ఆయిల్ పోయండి.

8. శాగ్ కొలిచి స్ప్రింగు సరిచేయడం

మీరు కూర్చున్నప్పుడు ఫోర్కు ఎంత దిగుతుందో అదే శాగ్. మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండాలి. క్లాసిక్ 350 ఫోర్కు కదలిక 130 మి.మీ., కాబట్టి దానికి సుమారు 33 నుంచి 43 మి.మీ.

- చక్రం గాల్లో ఉండగా డస్ట్ సీల్ నుంచి కింది క్లాంపు దాకా కొలవండి. రబ్బరు బూట్లుంటే పైకి జరపండి. పైపు కనపడకుండా మూతలున్న బండ్లలో ఇరుసు మధ్య నుంచి కింది క్లాంపు దాకా కొలవండి.
- బండి నేల మీద పెట్టి, హెల్మెట్, జాకెట్‌తో సహా కూర్చోండి. ఇద్దరు మనుషులుంటే తేలిక, ఒకరు వెనక బండి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి.
- ముందు భాగాన్ని నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, ఎత్తి మెల్లగా వదిలి ఇంకోసారి కొలిచి సగటు తీయండి. చక్రం గాల్లో ఉన్నప్పటి కొలతలోంచి ఈ సగటు తీసేస్తే వచ్చేదే శాగ్. ఈ రెండు కొలతల మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటే ఫోర్కు లోపల పట్టేస్తోంది, 5వ భాగానికి వెనక్కి వెళ్లండి.

శాగ్ ఎక్కువైతే, అడ్జస్టర్ లేని బండ్లలో స్ప్రింగు పైన 5 నుంచి 10 మి.మీ. పొడవున్న స్పేసర్ వేస్తారు. రెండు వైపులా సమానంగా, చివర్లు తిన్నగా కోసి, స్ప్రింగుకీ దానికీ మధ్య వాషర్ ఉంచాలి. ఇది బండి ఎత్తును మారుస్తుందే తప్ప స్ప్రింగు బలాన్ని పెంచదు. ఇంకా అడుగుకి తగులుతుంటే అసలు స్ప్రింగే మార్చాలి.

అందంగా కనపడుతుందని ఫోర్కు పైపుల్ని క్లాంపుల్లో పైకి జరిపి ముందు భాగం దించేవాళ్లున్నారు. అలా చేస్తే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, ఎక్కువ వేగంలో నిలకడ తగ్గుతుంది. ఊగే బండికి ఇది అస్సలు చేయకండి.

9. వెనక బరువు ముందు చక్రాన్ని తేల్చేస్తుంది

రెండు పక్కలా పాల క్యాన్లు, వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా, పెద్ద టాప్ బాక్సులో నిండా సామాను, ఇవన్నీ వెనక ఇరుసుకి వెనక్కి వేలాడే బరువులు. ముందు టైరు మీద ఒత్తిడి తగ్గి, అది రోడ్డుని సరిగ్గా పట్టుకోలేదు. ఎంత మంచి ఫోర్కు ఉన్నా ఇక్కడ చేసేదేమీ లేదు.

బరువును కిందికి, ముందుకి తీసుకురండి. రెండు పక్కలా సమానంగా కట్టండి. వెనక షాకప్‌ల అడ్జస్టర్ రెండు పక్కలా ఒకే మెట్టు మీద పెంచండి, వెనక టైరులో డబుల్స్‌కి చెప్పిన గాలి పెట్టండి. చైన్ బిగించినప్పుడు రెండు పక్కలా గీతలు సమానంగా ఉన్నాయా చూడండి. స్వింగ్ ఆర్మ్‌ని అడ్డంగా ఊపితే ఆట తెలుస్తోందంటే దాని బుష్‌లు మార్పించండి.

10. తప్పులు, వాటి మరమ్మతు

- *గట్టిగా ఉండాలని ఫోర్కుల్లో ఇంజిన్ ఆయిల్ పోయడం.* చిక్కటి ఆయిల్‌తో ఫోర్కు దిగాక పైకి రావడానికి ఆలస్యం చేస్తుంది. టోల్ గేటు ముందు వరసగా ఉండే రంబుల్ స్ట్రిప్స్ మీద ఒక్కో గతుక్కీ ఇంకాస్త కిందికి దిగిపోయి చివరికి కదలకుండా అయిపోతుంది. వంచేసి, కడిగి, సరైన గ్రేడు పోయండి.
- *ఒక్క ఫోర్కు సీలే మార్చి, ఆ ఒక్కదాంట్లోనే కొత్త ఆయిల్ పోయడం.* రెండూ మార్చండి.
- *ఒకేరోజు ఆయిల్ గ్రేడు, స్పేసర్, టైరు గాలి అన్నీ మార్చడం.* దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు. ఒకటి మార్చి, నడిపి, రాసుకుని, తర్వాతది.
- *ఊగడం ఆపడానికి నేరుగా స్టీరింగ్ డాంపర్ (హ్యాండిల్ కదలికను నిదానం చేసే పరికరం) తగిలించడం.* అది లోపాన్ని కప్పుతుంది, కోన్ సెట్ లోపల అరుగుతూనే ఉంటుంది.
- *పించ్ బోల్టు, క్లాంపు బోల్టులు బలం కొద్దీ బిగించడం.* అల్యూమినియం మరలు ఊడిపోతాయి, పైపు నొక్కుకుపోతుంది.

11. రోడ్డెక్కే ముందు, ఎక్కాక

- ముందు బ్రేక్ లివర్ గట్టిపడేదాకా కొట్టారా? కాలిపర్ తీసి పెట్టాక మొదటి నొక్కులు ఖాళీగా పోతాయి.
- హ్యాండిల్ రెండు చివరలకూ తిప్పినప్పుడు కేబుల్ ఎక్కడా లాగడం లేదు కదా?
- బ్రేక్ పట్టి ఫోర్కు నొక్కితే ఒక్కసారి లేచి నిలబడుతోందా?
- ప్రతి బోల్టు బిగించాక దాని మీద మార్కర్‌తో గీత పెట్టారా?

మొదట ఖాళీ రోడ్డు మీద 30, 40 వేగంలో నడిపి, ఆగి, సీళ్ల దగ్గర తడి చూడండి. ఆ తర్వాతే వేగం పెంచండి. ఫోర్కు పైపుకి జిప్ టై కట్టి ఉంచితే ఎంత దాకా దిగుతోందో తెలుస్తుంది. మామూలు రోడ్డు మీద కూడా ప్రతిసారీ చివరిదాకా దిగుతుంటే స్ప్రింగు మెత్తన, గట్టి బ్రేకు వేసినా సగం కూడా దిగకపోతే గట్టిదనం ఎక్కువ.

నడుపుతుండగా హ్యాండిల్ ఊగడం మొదలైతే పిడికిలి బిగించి పోరాడకండి, ముందు బ్రేక్ గట్టిగా పట్టకండి. మోకాళ్లతో ట్యాంకు పట్టి, ఒంటి బరువు కాస్త ముందుకి వంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి వేగం తగ్గనివ్వండి. పక్కకు ఆపి మళ్లీ 3వ భాగం నుంచి చూసుకుంటూ రండి.

కొత్త కోన్ సెట్ వేసినవాళ్లు 500 కిలోమీటర్లు తిరిగాక చక్రం లేపి ఆట మరోసారి చూడండి. రేసులు అప్పటికి కుదురుకుని ఉంటాయి, చాలా బండ్లలో రింగ్ నట్ రవ్వంత బిగించాల్సి వస్తుంది.